లెక్కల పుస్తకములో బండి పుట

గృహిణి వ్రాసికొను లెక్కల పుస్తకమున పాలకొక పుట, కిరాణాకొక పుట, పిల్లల బడి రుసుములకొక పుట యుండుట వాడుక. ఇంటికి బండి వచ్చినప్పుడు దానికి మాత్రము పుట పెట్టు నలవాటు చాల యిండ్లలో లేదు. పెట్రోలు పోయించువారు మగవారు; మరమ్మతు చేయించువారును మగవారే. వారి జేబునుండి పోయిన సొమ్ము వారి జ్ఞాపకమందే యుండి, వారము తిరుగక మునుపే మరపున పడును. అయినను బండి నిలిచిన నాడు ఆ నష్టము తిన్నగా వంటయింటిలోనికే వచ్చును. ఆ నెల నూనె డబ్బా చిన్నదగును. పిల్లవాని చెప్పులు మరునెలకు వాయిదా పడును. పాడిపశువు ఎంత దాణా తిన్నదో, ఎన్ని పాలిచ్చినదో యెరిగిన యిల్లాలు, ఇంటికి అన్నము పెట్టు బండి యెంత త్రాగినదో, ఎంత నడిచినదో యెరుగకుండుట తగునా? ఈ ప్రశ్న మాకు నాలుగు చిన్న ప్లగ్గుల మూలమున కలిగినది. ఆ సంగతి సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాది కామారెడ్డి జిల్లాలోని బిచ్కుంద. 2016లో జిల్లాల విభజన జరుగువరకు ఇది నిజామాబాదు జిల్లాలోనిది. మహారాష్ట్రమును కర్ణాటకమును మాకు దగ్గర. అందుచేత మా అంగడిలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగు భాషలును వినవచ్చును. నల్లరేగడి నేల, పెసర, మినుము, సోయా, కంది, పత్తి మా పంటలు. మేమనగా నొకే యింటి కోడండ్ర మిద్దరము. తోడికోడలిని మా ప్రాంతమున యారాలందురు. మాలో పెద్దామె భర్త బండి నడుపుదురు; చిన్నామె భర్త సేద్యము చూచుకొందురు. మూడేండ్ల క్రిందట నొకరు వాడిన చిన్న సరకుల బండిని కొంటిమి. అది నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. కొన్ననాడు మీటరుపై 60 వేల కిలోమీటర్లుండెను. ఇప్పుడు లక్షా 32 వేలు దాటినది. పిట్లం, మద్నూరు, జుక్కల్, బాన్సువాడ, సరిహద్దు కావలి దెగ్లూరు, ఈ యూళ్ల నడుమ పప్పుల బస్తాలు, ఎరువులు, కూరగాయలు, పెండ్లి సామానులు మోయగా వచ్చు కిరాయితో ఇల్లు గడచుచున్నది. బండి మీది యప్పు వాయిదాయు దానితోనే తీరుచున్నది.

బండి వచ్చిన నాడే మాలో చిన్నామె దానికొక పుట పెట్టినది. ఆ పుటలో తేది, మీటరు అంకె, పోయించిన లీటర్లు, రూపాయలు, వచ్చిన కిరాయి, ఇంజనులో మార్చిన నూనె, చేయించిన మరమ్మతు అను గళ్లు కలవు. లీటరుకెన్ని కిలోమీటర్లు నడచుచున్నదో తెలిసికొనుట కష్టము కాదు. టాంకు నిండుగ పోయించిన నాడు మీటరు అంకె వ్రాసికొనవలెను. మరల నిండుగ పోయించిన నాటి అంకెనుండి మొదటి యంకెను తీసివేసి, రెండవసారి పట్టిన లీటర్లతో భాగించిన చాలును. ఒక్కసారి వచ్చిన లెక్కను నమ్మరాదు. బరువును బట్టి, దారిని బట్టి అది హెచ్చుతగ్గులగును. నెల మొత్తము చూచిన నిజము తేలును.

మొదటి రెండేండ్లు మా బండి లీటరుకు 15 కిలోమీటర్లకు తగ్గలేదు. గడచిన యేడు వేసవి దాటిన పిమ్మట ఆ యంకె 14 అయినది. సెప్టెంబరునాటికి 13 అయినది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగు బండికి 15 వంతున 133 లీటర్లు చాలును. 13 వంతున 154 లీటర్లు కావలెను. లీటరు 107 రూపాయల చొప్పున మేము కొనుచుండిన దినములలో ఆ 21 లీటర్లకు నెలకు రెండు వేల రెండువందల రూపాయలకు పైగా వృథా యగుచుండెను. ఇతర గుర్తులును కనబడెను. తెల్లవారి తాళము త్రిప్పగా వెంటనే యందుకొనక రెండు మూడుమారులు ములిగి లేచెడిది. నిలిపి యుంచినపుడు ఇంజను సమముగ కొట్టుకొనక, వెక్కిళ్లు పట్టినట్లు వణకెడిది. కౌలాసు వైపు ఎత్తున నిండు బరువుతో పోవునపుడు నడుమ నడుమ ఊపిరాడనట్లు తడబడెడిది. ఇంజను బొమ్మగల పసుపు దీపమొకటి అద్దము ముందర వెలిగెను.

సోయా కోతలు తల మీదికి వచ్చినవి. ఆ నెలన్నర కిరాయియే మాకు సంవత్సరపు బలము. ఒక పట్టణమున నొక మరమ్మతుశాలకు బండిని తీసికొని పోగా, అచ్చటివారు మూత యెత్తి చూచి, ఇంజను చప్పుడు విని, “బోరుకొచ్చింది, విప్పాలె, ముప్పై అయిదు వేలయితది, పదిహేను దినాలు పడతది” అని చెప్పిరి. ప్లగ్గులు విప్పి చూచినవారు కారు. పదునైదు దినములు బండి లేకున్న కోతల కిరాయి పోవును. ముప్పదియైదు వేలకు మాలో పెద్దామె గాజులు కుదువకు పోవలెను. ఆ రాత్రి యింట నెవరికిని అన్నము సయించలేదు. గాజులు తీసి గుడ్డలో మూట గట్టుటయు నైనది.

మరునాడు ఉదయము మాలో చిన్నామె బండి పుటను తీసికొని, మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసి జీవించిన వృద్ధ మిస్త్రీ యొద్దకు పోదమనెను. ఆయనకిప్పుడు చూపు మందగించినది, పని మానివేసిరి. అయినను చెవి మాత్రము చురుకైనది. ఆయన బండిని చూడక మునుపే మమ్ము ప్రశ్నలడిగిరి.

“బిడ్డా, ఇంజను నూనె తాగుతున్నదా? నడుమ నడుమ పోసిన్రా?”

పుట చూచితిమి. నూనె మార్చిన తేదులు తప్ప నడుమ పోసినట్లు ఒక్క గీత లేదు.

“ఎన్క పొగ నీలంగ వస్తున్నదా?”

లేదంటిమి.

“ప్లగ్గులెప్పుడు మార్చిన్రు?”

పుట మొదటినుండి చివరకు త్రిప్పితిమి. మేము కొన్ననాటినుండి 64 వేల కిలోమీటర్లలో ఒక్కసారియు ప్లగ్గుల మాట లేదు. అంతకు ముందటి యజమాని మార్చెనో లేదో తెలియదు.

ఆయన నవ్విరి. “బోరు అరిగితే నూనె తాగుతది, నీలం పొగ కొడతది. మీ పుస్తకమే చెప్తున్నది అది కాదని. గోటితోని పొయ్యేదానికి గొడ్డలెందుకు బిడ్డా? ముందుగాల ప్లగ్గులు చూడున్రి.”

ప్లగ్గనునది యేమి చేయునో యిచ్చట కొంచెము చెప్పవలెను. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరునకు తల మీద నొక ప్లగ్గుండును. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి లోనికి వచ్చి, పిస్టను చేత నొక్కబడిన సమయమున, ప్లగ్గు కొన నున్న రెండు మొనల నడుమ నొక నిప్పురవ్వ దూకును. దానితో ఆవిరి అంటుకొని పిస్టనును క్రిందికి త్రోయును. అదియే బండికి బలము. గ్యాసు పొయ్యి లైటరు నొక్కినపుడు కొనలో టక్కున దూకు రవ్వను మనము నిత్యము చూచుచున్నాము. ఆ లైటరు పాతబడి రవ్వ సరిగా రానిచో ఏమగును? గ్యాసు అంటుకొనక వెలువడిపోవును, వాసన కొట్టును, రెండవ మూడవ నొక్కునకు భగ్గుమనును. ఇంజనులోను నట్లే. రవ్వ తప్పిన ప్రతిసారి పోసిన పెట్రోలు కాలక పొగగొట్టము వెంట పోవును. అందులో పొగను శుభ్రపరచు కాటలిటిక్ కన్వర్టరను భాగము కలదు. కాలని పెట్రోలు అక్కడికి పోయి కాలినచో ఆ భాగము వేడికి కరగి చెడును. దాని వెల ప్లగ్గుల వెలకు ఎన్నో రెట్లు. పసుపు దీపము నిలుకడగా వెలిగిన త్వరలో చూపించవలెనని యర్థము; అదే దీపము మిణుకు మిణుకుమని కొట్టుకొన్నచో రవ్వ తీవ్రముగ తప్పుచున్నదని, బరువు వేయక బండిని నిలుపవలెనని యర్థము.

బ్యాటరీలో నున్నది 12 వోల్టుల విద్యుత్తు మాత్రమే. ప్లగ్గు నెత్తిన కూర్చుండు కాయిలు దానిని వేల వోల్టులకు పెంచి రవ్వను దూకించును. రవ్వ దూకినప్పుడెల్ల మొనలోని లోహము కంటికి కనబడనంత యరుగును. మా బండి సగటున గంటకు 40 కిలోమీటర్ల వంతున నడిచినదనుకొన్న, 64 వేల కిలోమీటర్లకు 1,600 గంటలు. నిమిషమునకు రెండు వేల చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు వేయి రవ్వలు కొట్టును. అనగా నొక్కొక్క ప్లగ్గు తొమ్మిదిన్నర కోట్ల రవ్వలు కొట్టినదన్నమాట. సాధారణపు నికెలు ప్లగ్గు 30, 40 వేల కిలోమీటర్లకు తన పని ముగించుకొనును. ఇరిడియం మొనగలవి 80 వేలు మొదలు లక్ష వరకు వచ్చును. వెలయు దానికి తగినట్లే యుండును. మా బండిలో నున్నవి నికెలువి. వాని ఆయువు ఎప్పుడో తీరినది.

అన్ని బండ్లకును ప్లగ్గులుండునని యనుకొనరాదు. డీజిలు ఇంజనులో రవ్వ యవసరము లేదు. సైకిలు పంపు కొట్టునపుడు దాని మూతి వెచ్చబడుట మనమెరిగినదే. అట్లే డీజిలు ఇంజనులో గాలిని అంత గట్టిగా నొక్కుట చేత పుట్టు వేడికే నూనె అంటుకొనును. చలిలో ఇంజను లేచుటకు వేడి చేయు గ్లో ప్లగ్గులు కొన్నింటికుండును గాని యవి వేరు. చోటా హాథీ యని మనవారు పిలుచు టాటా ఏస్ 2005లో వచ్చినపుడు రెండు సిలిండర్ల డీజిలు బండి. తరువాత పెట్రోలుతో నడచునవియు వచ్చినవి. ఒకే ఆకారపు రెండు బండ్లలో నొకదానికి ప్లగ్గులుండవచ్చును, రెండవదానికి లేకపోవచ్చును. పెట్రోలుతో నడచునదైనను, సీఎన్‌జీతో నడచునదైనను ప్లగ్గులు తప్పవు.

ఇక పని యెవరు చేయవలెను? పెద్దామె భర్తకు బస్తా దించుటలో కుడిచేయి మణికట్టు బెణికి కట్టు కట్టియుండెను. చిన్నామె భర్త చేనుకు పోయిరి. మిస్త్రీ, “నా కండ్లానుత లేవు. మీరే చెయ్యిన్రి, నేను చెప్తా” అనిరి. పెద్దామె భర్త, “ఊర్లె నవ్వుతరు” అని సందేహించిరి. అప్పుడు మా అత్తమ్మ గడపలో కూర్చుండి, “ముప్పై అయిదు వేలు అప్పు చేస్తే నవ్వరా? చెయ్యనియ్యి” అనెను. అంతటితో ఆ చర్చ ముగిసినది.

ప్లగ్గులు మావద్ద దొరకునవే యైనను బండి పుస్తకములో వ్రాసిన సంఖ్య గలవే కొనవలెనని మిస్త్రీ గట్టిగ చెప్పిరి. ఆయనకు ప్రతి ప్లగ్గును “మైకో”యే. 1951లో స్థాపితమై బెంగుళూరులో ప్లగ్గులు చేసిన కంపెనీ పేరది. 2008లో బాష్ లిమిటెడ్ అయినను పాతవారి నోట ఆ పేరు పోలేదు. చూచుటకు నొకటే వలెనున్నను మర పొడవు, వేడి నోర్చు శక్తి ఒక్కొక్కదానికి వేరు. మర పొడవైనది బిగించిన లోన పిస్టనుకు తగిలి కొంప ముంచును. నాలుగు ప్లగ్గులు 640 రూపాయలయినవి. వానితోబాటు, నల్లరేగడి దుమ్ముతో బిగిసిపోయిన గాలి ఫిల్టరునకు బదులుగా క్రొత్తది 350 రూపాయలకు కొంటిమి. ప్లగ్గు పానయు, దాని కడ్డీయు మిస్త్రీ యిచ్చిరి. పాన యన్న మాట మా ఊరిలో తెలుగువారికిని మరాఠీవారికిని నొకటే.

పని రాత్రి చల్లారిన ఇంజనుతో తెల్లవారుజామున చేసితిమి. వేడిగానున్న ఇంజనులో ప్లగ్గు త్రిప్పరాదు. ఇంజను తల అల్యూమినియముది, మెత్తనిది. వేడిలో దాని మర చినుగును. బండిని గేరులో నుంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రము వెనుక రాయి పెట్టితిమి. చేతి గాజులు, ఉంగరములు తీసివేసి, కొంగు నడుమున దోపి, జడ ముడి వేసికొంటిమి. ఇది నాజూకు కొరకు కాదు. లోహపు గాజు బ్యాటరీ రెండు తలలకును తగిలిన మాంసము కాలును. తాళము తీసి దూరముగ నుంచి, బ్యాటరీ తరుగు గుర్తు గల తీగను విప్పితిమి. పిల్లలను దగ్గరకు రానీయలేదు.

సీటు ఎత్తగానే ఇంజను మీద నల్లని దుమ్ము పొరలుగ నుండెను. విప్పుటకు ముందే ఆ దుమ్మును ఊదవలెనని మిస్త్రీ చెప్పిరి. ప్లగ్గు విప్పిన రంధ్రములో ఇసుక రేణువు పడిన, అది సిలిండరు గోడలను గీయును. అప్పుడు నిజముగనే బోరు పోవును. సైకిలు పంపుతో చుట్టును ఊది, పొడిగుడ్డతో తుడిచితిమి. కాయిలు తీగ కొనను దాని కొక్కెము నొక్కి విడదీసితిమి. తీగ పట్టి లాగరాదు. పది నంబరు బోల్టు విప్పి, కాయిలును కొంచెముగ అటునిటు త్రిప్పి పైకి తీసితిమి. గుంటలో మరల ఊదితిమి. పిమ్మట గొట్టపు పాన దింపి ప్లగ్గును విప్పితిమి. మొదటిది కిర్రుమన్నది. చేయి ఆపి, మరకు పట్టు నూనె రెండు చుక్కలు వేసి, పావుగంట ఓపిక పట్టి, కొంచెము వెనుకకు కొంచెము ముందుకు త్రిప్పగా వదలినది. ఊరగాయ జాడీ మూత బిగిసినపుడు సుత్తితో కొట్టు నిల్లాలుండదు. అదే ఓపిక ఇక్కడను గావలెను. ఎంతకును వదలని ప్లగ్గును మాత్రము బలవంతము చేయక చేయి తిరిగిన మిస్త్రీకే విడువవలెను. ఒకేసారి నాలుగింటిని విప్పక, ఒక్కొక్కటిగ విప్పి, క్రొత్తది బిగించి, తరువాతి దానికి పోతిమి. అందుచేత తీగలు తారుమారగు భయము లేదు.

క్రొత్త ప్లగ్గు మొనల నడుమ ఎడము మా బండి పుస్తకము ప్రకారము ఒక మిల్లీమీటరు. ఆకుల వంటి రేకులుగల కొలత పరికరముతో నాలుగింటిని చూచితిమి. ఇరిడియం ప్లగ్గుల సన్నని మొనను వంచజూడరాదు. మొదటి నాలుగైదు చుట్లు పాన కాక చేతితోనే త్రిప్పవలెను. గుంట లోతుగ నుండుట చేత ప్లగ్గు నెత్తికి రబ్బరు గొట్టపు ముక్క తొడిగి దానితో త్రిప్పితిమి. మర వంకరగ పట్టినచో గొట్టమే జారును, మర చినుగదు. చేతికి ఆగిన తరువాత, వాషరు గల క్రొత్త ప్లగ్గును పానతో సగము చుట్టు మొదలు చుట్టులో మూడింట రెండు వంతుల వరకు బిగించిన చాలును. వాషరు లేక ఏటవాలు అంచు గలవానికి చుట్టులో పదునారవ వంతే చాలును. బలమంతయు చూపరాదు. మరకు గ్రీజు పూయు నలవాటు కొందరికి కలదు; ఎన్‌జీకే వంటి ప్లగ్గుల కంపెనీలే అది వలదని చెప్పుచున్నవి, ఏలన గ్రీజు జారుడు వలన మనమనుకొన్న దానికన్న నెక్కువ బిగిసి మర సాగును.

విప్పిన ప్లగ్గులను పారవేయక, సుద్దతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వ్రాసిన గుడ్డపై వరుసగ పెట్టించిరి మిస్త్రీ. “ఇవి ఇంజను నాలుక లాంటియి. వైద్యుడు నాలుక చూసినట్టు చూడాలె” అనిరి. మొన లేత గోధుమ లేక బూడిద రంగులో నున్న ఆరోగ్యము. దీపపు చిమ్నీకి పట్టిన మసి వలె పొడిగ నల్లగ నున్న, పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనదని గాని రవ్వ తప్పుచున్నదని గాని తెలియవలెను. నల్లగ, జిడ్డుగ, తడిగ నున్న ఇంజను నూనె లోనికి దిగుచున్నదన్నమాట. అప్పుడే బోరు మాట. తెల్లగ మాడి పొక్కులెత్తిన వేడి మితిమీరినది.

మా ఒకటవది, రెండవది, నాలుగవది గోధుమ రంగుననే యుండెను. కాని మొనలు వాడిన సబ్బు బిళ్ల వలె గుండ్రముగ నరిగి, ఎడము ఒకటిన్నర మిల్లీమీటరుకు సమీపించెను. మూడవది మసితో నిండి, దాని తెల్లని పింగాణి మీద వెంట్రుక వంటి నల్లని గీత యొకటి కనబడెను. మిస్త్రీ దానిని కంటికానించుకొని చూచి, “ఇదే దొంగ” అనిరి. ఎడము పెరిగినపుడు రవ్వ ముందు దూకలేక, పింగాణి వెంబడి ప్రక్కదారిని పారిపోవుచు ఆ గీతను గీయును. ఆ కాయిలు రబ్బరు తొడుగు లోపలను అటువంటి గీత యుండుటచేత దానిని గూడ బాన్సువాడనుండి 150 రూపాయలకు తెప్పించి మార్చితిమి. నాలుగింటిలో నొక్కటియు నూనెతో తడిసి యుండలేదు. పుట చెప్పినదే ప్లగ్గులును చెప్పినవి.

అంతయు బిగించి తాళము త్రిప్పగా, ఇంజను ఒక్క పట్టున నందుకొని సమముగ మ్రోగెను. పెద్దామె భర్త ఏమియు ననలేదు. కట్టు లేని చేతితో సీటు సరిచేసి, ఒక చుట్టు త్రిప్పి తెచ్చి, “ఎత్తెక్కింది” అని మాత్రమనిరి. రెండు మూడు దినములలో పసుపు దీపమారిపోయినది. మణికట్టు బాగగువరకు ఆయన తమ్ములు నడిపిరి. సోయా కోతల కిరాయి ఒక్కనాడును తప్పలేదు. గాజుల మూట విప్పితిమి.

లెక్క దాచక చెప్పవలెను గదా. బండి మరల పదునైదుకు రాలేదు; పదునాలుగున్నర వద్ద నిలిచినది. లక్ష దాటిన బండికి టైర్లు, ఇంధనము చిమ్ము సూదులు మొదలైనవన్నియు కొంత కొంత వయసు మీరియుండును. ప్లగ్గులు క్రొత్తవైనంత మాత్రమున బండి క్రొత్తది కాదు. అయినను పదమూడు నుండి పదునాలుగున్నరకు వచ్చుటచే నెలకు 16 లీటర్లు, అనగా 1,700 రూపాయలు మిగులుచున్నవి. మొత్తము ఖర్చు 1,140 రూపాయలు మొదటి నెలలోనే తీరినది.

ఇది ఆడువారికి తగిన పనియా యని మమ్ము కొందరడిగిరి. తర్కముతో కాక చరిత్రతో సమాధానము చెప్పుదుము. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను గృహిణి, తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మోటారు బండిని, ఆయనకు తెలియకుండ, ఇద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి నడుపుకొని పోయెను. అది నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అంత దూరము మోటారు బండి పోవుట లోకమున నదే మొదలు. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ సూదితో పొడిచి బాగుచేసెను. రవ్వ తీగకు రక్షణ చెడగా తన మేజోడు పట్టీనే చుట్టెను. ఇంధనమైపోగా మందుల యంగడిలో కొనెను. ఆనాటికి నేటి రీతి ప్లగ్గులింకను రాలేదు. బాష్ కంపెనీలో గోట్లోబ్ హోనోల్డ్ వానిని అధిక వోల్టుల మాగ్నెటోతో 1902లో సిద్ధపరచెను. 1945లో, తరువాత బ్రిటను రాణియైన ఎలిజబెత్, రాకుమారిగా నున్నపుడు, సైన్యపు మహిళా దళమున చేరి లారీ నడుపుటయు ఇంజను మరమ్మతును నేర్చెను. మన తెలంగాణముననే, కొత్తగూడెము దగ్గరి సుజాతనగరమున నొక స్త్రీ లారీ టైర్లు విప్పి బాగుచేయుచు సంసారము నీదుచున్నదని పత్రికలలో చదివితిమి.

నిజాము రాజ్యమున 1932లో 27 బస్సులతో ప్రభుత్వపు రోడ్డు రవాణా ఆరంభమైననాడు బస్సెక్కుటయే స్త్రీకి వింత. 2025 మార్చి 8న తెలంగాణములో మహిళా సమాఖ్యలు తామే బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చు ఏర్పాటు మొదలైనది. బండి యిప్పుడు మన పేర వచ్చుచున్నది. దాని అప్పు పత్రముపై మన సంతకమే యున్నది. సంతకము చేసిన చేయి, దాని లెక్కను గూడ వ్రాయవలదా?

అందరును పాన పట్టవలెనని మేము చెప్పము. కాని మూడు పనులు ప్రతి గృహిణియు చేయగలదు. మొదటిది, బండికొక పుట పెట్టి, ప్రతి నెల లీటరుకెన్ని కిలోమీటర్లో తేల్చుట; అంకె రెండు నెలలు వరుసగ దిగిన కారణమడుగుట. రెండవది, ప్లగ్గులు, నూనె, గాలి ఫిల్టరు ఎన్నవ కిలోమీటరున మార్చినదియు, మరల నెన్నవ కిలోమీటరున మార్చవలసినదియు ముందుగానే వ్రాయుట. మూడవది, పెద్ద మరమ్మతు అని యెవరైనను చెప్పినపుడు, “ప్లగ్గులు విప్పి చూపుడు” అని వినయముగ కోరుట. చూపని చోట సొమ్ము చెల్లింపకుండుట. ఈ మూడును సంకోచము లేక చేయు నిల్లాలిని ఏ మరమ్మతుశాల యైనను గౌరవించును.

మా పుటలో నిప్పుడు ఎఱ్ఱసిరాతో వ్రాసిన యొక వరుస కలదు: “ప్లగ్గులు నాలుగు, 1,24,000, మరల 1,58,000కు.” మా వీధిలో ట్రాలీ ఆటోలుగల యిండ్ల యిల్లాండ్రు ముగ్గురు ఆ గళ్లను చూచి తమ పుస్తకములలో గీసికొని పోయిరి. వారిలో నొకరి బండి డీజిలుది. దానికి ప్లగ్గుల గడి వలదని చెప్పి, ఆ స్థానమున డీజిలు ఫిల్టరు అని వ్రాయించితిమి.